కృష్ణా పశ్చిమ డెల్టాలో భూగర్భ జలాలు

ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణా నదికి కుడివైపుగా బంగాళాఖాతం వరకు వ్యాపించిన మైదానాన్ని కృష్ణా పశ్చిమ డెల్టా అంటారు. గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె ఈ ప్రాంతంలోని ముఖ్య పట్టణాలు. (2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడక ముందు ఈ మూడూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి.) ఈ మైదానంలో చాలాచోట్ల నాలుగైదు మీటర్లు తవ్వితే చాలు నీరు పడుతుంది. అయితే పడిన నీరు తాగడానికి పనికివస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఒకే ఊరిలో ఒక బావి నీరు తియ్యగా, నూరు గజాల దూరంలోని మరొక బావి నీరు ఉప్పగా ఉండడం ఇక్కడ మామూలు విషయం. పాతకాలపు ఊళ్ళలో మంచినీళ్ళ బావి, వాడుకనీళ్ళ బావి అని వేరువేరుగా చెప్పుకోవడానికి కారణం ఇదే. ఈ తేడా ఎందువలన కలుగుతుందో తెలియాలంటే నీరు నేలలోకి ఎలా చేరుతుందో, అక్కడ ఎలా కదులుతుందో మొదట తెలుసుకోవాలి.

జలచక్రం, భూగర్భ జలం

వాననీటిలో కొంత ఆవిరైపోతుంది, కొంత నేలమీద పారి వాగులు, నదులలో కలుస్తుంది, మిగిలినది నేలలోకి ఇంకుతుంది. ఇంకిన నీటిలో మొక్కల వేళ్ళు పీల్చుకోగా మిగిలినది ఇంకా కిందికి దిగి ఒక లోతులో మట్టిరేణువుల మధ్య ఖాళీలన్నిటినీ నింపుతుంది. ఇలా పూర్తిగా నీటితో నిండిన భాగపు పై హద్దును భూగర్భ జలమట్టం అంటారు. బావిలో కనిపించే నీటి ఎత్తు సాధారణంగా ఈ మట్టమే. వానాకాలంలో ఇది పైకి లేచి, ఎండాకాలంలో దిగుతుంది.

నీటిని నిలువ చేసుకోవడమే కాక, బావికి తగినంత వేగంతో వదలగల పొరను జలధారక పొర అంటారు. ఇక్కడ ఒక పొరపాటు తరచు జరుగుతుంటుంది. బంకమట్టిలో నీరు తక్కువగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బంకమట్టి ఘనపరిమాణంలో 40 నుండి 50 శాతం వరకు ఖాళీలే ఉంటాయి. ఇసుకలో ఇవి 25 నుండి 35 శాతం మాత్రమే. కాని బంకమట్టిలోని ఖాళీలు అతి సూక్ష్మమైనవి కావడం వలన నీరు వాటిలో చిక్కుకొని కదలదు. ఇసుకలోని ఖాళీలు పెద్దవి, ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. అందుచేత తక్కువ నీటిని పట్టి ఉంచే ఇసుక మంచి జలధారక పొర అవుతుంది, ఎక్కువ నీటిని పట్టి ఉంచే రేగడి మాత్రం కాదు.

ఇసుక గుండా నీరు ఎంత వేగంగా కదులుతుందో లెక్కగట్టే సూత్రాన్ని 1856లో హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు ప్రకటించాడు. దిజాన్ నగరపు నీటి సరఫరాకై ఇసుక వడపోతలపై ఆయన చేసిన ప్రయోగాలే దీనికి ఆధారం. నీటిమట్టపు వాలు ఎంత ఎక్కువైతే, పొర నీటిని ఎంత సులువుగా పోనిస్తే ప్రవాహం అంత ఎక్కువగా ఉంటుందన్నది ఈ సూత్ర సారాంశం. దీనిని డెల్టాకు అన్వయించి చూస్తే ఆశ్చర్యకరమైన ఫలితం వస్తుంది. డెల్టా దాదాపు బల్లపరుపు నేల; వాలు కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు అనుకుందాం. రోజుకు 20 మీటర్ల ప్రసరణ గుణకం, 25 శాతం ఖాళీలు గల ఇసుకలో ఆ వాలుకు నీరు ఏడాదికి సుమారు 6 మీటర్లు మాత్రమే కదులుతుంది. అంటే ఒక కిలోమీటరు పోవడానికి నూట అరవై ఏళ్ళకు పైగా పడుతుంది. కాలువలో కలిసిన మురికి వారంలో సముద్రం చేరుతుంది. నేలలోకి దిగిన మురికి మాత్రం తరాల పాటు ఆ ఊరినే అంటిపెట్టుకొని ఉంటుంది. భూగర్భ జల కాలుష్యాన్ని నదీ కాలుష్యంతో సమానంగా చూడరాదనడానికి ఈ ఒక్క లెక్క చాలు.

డెల్టా నేల పొరలు

కృష్ణా డెల్టా నది తెచ్చి వేసిన ఒండ్రుతో ఏర్పడింది. సుమారు 6 వేల సంవత్సరాల క్రితం సముద్రమట్టం దాదాపు నేటి స్థాయికి వచ్చి నిలిచిన తరువాత నది ఒండ్రు వేస్తూ, తీరాన్ని క్రమంగా సముద్రంలోకి జరుపుతూ వచ్చింది. తీరం నిలిచిన ప్రతిచోటా అలలు ఇసుకను మేటలు వేశాయి. అటువంటి పాత తీరపు ఇసుక దిబ్బలు నేటి తీరానికి సమాంతరంగా, సముద్రం నుండి ఎన్నో కిలోమీటర్ల లోపలి వరకు కనిపిస్తాయి. బాపట్ల, చీరాల పరిసరాలలోని ఇసుక నేలలు ఈ కోవకు చెందినవే. దిబ్బల మధ్యనున్న పల్లపు భాగాలు ఒకప్పటి ఉప్పుకయ్యలు, మడ అడవులు. అక్కడ నల్లని బంకమట్టి, దానిలో చిక్కుకున్న పాత సముద్రపు నీరు ఉన్నాయి.

నది కూడా ఒకే దారిలో పారలేదు. అది విడిచిపెట్టిన పాత పాయలు ఇసుకతో పూడిపోయి, పైన పలుచని మట్టి కప్పుకొని, నేల కింద సన్నని పట్టీలుగా మిగిలిపోయాయి. అటువంటి పాయ మీద పడిన బోరుకు తియ్యని నీరు దొరుకుతుంది. పక్కనే బంకమట్టిలో పడిన బోరుకు ఉప్పునీరు లేదా అసలు నీరే లేకపోవడం జరుగుతుంది. ఊరిలో రెండు బావుల నీటికి రుచి వేరుగా ఉండడంలోని రహస్యం చాలావరకు ఇదే. కొబ్బరికాయ తిరగడం, వేపపుల్ల వంగడం వంటి పద్ధతులతో బోరు స్థలం చూపించేవారు ఈ ప్రాంతంలోనూ ఉన్నారు. జలమట్టం ఇంత పైన ఉన్నచోట ఎక్కడ తవ్వినా నీరు పడుతుంది కాబట్టి వారి జోస్యం తప్పే అవకాశం తక్కువ. నీరు మంచిదో కాదో మాత్రం పుల్ల చెప్పదు. దానికి భూమిలోకి విద్యుత్తును పంపి నిరోధాన్ని కొలిచే పరీక్ష ఉపయోగపడుతుంది: ఉప్పునీటి పొర విద్యుత్తును సులువుగా పోనిస్తుంది, మంచినీటి ఇసుక అంతగా పోనివ్వదు. ఉప్పునీటితో నిండిన బంకమట్టిని, ఉప్పునీటి ఇసుకను ఈ పరీక్ష ఒక్కొక్కసారి వేరుపరచలేదు కనుక పక్క బోర్ల వివరాలతో సరిచూసుకోవాలి.

స్థూలంగా చెప్పాలంటే తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు, ముఖ్యంగా నది ఒడ్డున, లోతు తక్కువ ఇసుక పొరలలో మంచినీరు దొరుకుతుంది. కొల్లిపర అరటి, దుగ్గిరాల పసుపు, లంకల కూరగాయల సాగులో ఈ నీటి పాత్ర ఉంది. రైతులు ఫిల్టరు పాయింట్లు అని పిలిచే తక్కువ లోతు గొట్టపు బావులు ఇక్కడ ఎక్కువ. రేపల్లె, నిజాంపట్నం వైపు పోయే కొద్దీ బంకమట్టి, ఉప్పు పెరుగుతాయి. బాపట్ల తీరంలో పరిస్థితి వేరు. అక్కడ నీరు తేలికగా ఇంకే ఇసుక ఉంది, దాని అడుగున ఉప్పునీరు ఉంది.

కాలువలు, జాలు

1832-33లో గుంటూరు మండలాన్ని డొక్కల కరువు ఊడ్చివేసింది. మండల జనాభాలో దాదాపు మూడోవంతు మంది ఆ కరువులో చనిపోయారని అంచనా. పక్కనే కృష్ణ పారుతున్నా పొలానికి నీరు ఎక్కించే దారి లేకపోయింది. విజయవాడ, సీతానగరం కొండల మధ్య కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో కెప్టెన్ ఓర్ దీనిని నిర్మించాడు. ఆ ఆనకట్ట 1952లో కొంతమేర కొట్టుకుపోగా, దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. రెండు వైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాలకు ఇది నీరందిస్తుంది. పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గర శాఖలుగా చీలుతుంది. తెనాలి పట్టణం గుండా మూడు కాలువలు పారుతాయి. ఆంధ్రా ప్యారిస్ అన్న ముద్దుపేరుకు ఈ కాలువలను కూడా ఒక కారణంగా చెబుతారు. కొమ్మమూరు కాలువ దుగ్గిరాల నుండి బయలుదేరి పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను చేరుతుంది. ఒకప్పుడు పడవలు ఈ దారిన మద్రాసు వరకు వెళ్ళేవి.

కాలువలు పొలాలకు నీరివ్వడమే కాక భూగర్భ జలాన్ని కూడా మార్చివేశాయి. నూట డెబ్బై ఏళ్ళుగా కాలువ గట్ల నుండి, నీరు కట్టిన వరిచేల నుండి మంచినీరు నేలలోకి దిగుతూనే ఉంది. కాలువ వెంబడి ఉన్న ఊళ్ళలో తియ్యని నీటి బావులు చాలావరకు ఈ ఊట పుణ్యమే. కాలువకు సిమెంటు లైనింగు చేస్తే నీటి నష్టం తగ్గుతుందనడం నిజమే. అయితే ఆ నష్టం ఎవరి బావిలో చేరుతున్నదో కూడా లెక్కలో వేసుకోవాలి.

దీనికి మరొక ముఖం జాలు. నీరు వచ్చినంత సులువుగా పోయే దారి డెల్టాలో లేదు. జలమట్టం నేలకు మరీ దగ్గరగా వస్తే వేళ్ళకు గాలి ఆడదు. పైగా ఆ నీరు ఎండకు ఆవిరైపోతూ తనలోని లవణాలను పైమట్టిలోనే విడిచిపెడుతుంది. వేసవిలో రేపల్లె, నిజాంపట్నం వైపు నేలపై తెల్లగా పేరుకొనే చవుడు ఇలా వచ్చినదే. వరి మొక్క నేల లవణీయతను మీటరుకు సుమారు 3 డెసిసీమెన్ల వరకు ఓర్చుకోగలదు. అటుపైన ప్రతి డెసిసీమెన్‌కు దిగుబడి దాదాపు 12 శాతం చొప్పున తగ్గుతుంది. అందుకే డెల్టాలో సాగునీటి కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంత ముఖ్యం. తుంగభద్ర డ్రెయిను (దీనికి రాయలసీమ నదితో సంబంధం లేదు), నల్లమడ, రేపల్లె డ్రెయిన్లు ఈ పని చేయవలసినవి. గుర్రపుడెక్క, తూడు పెరిగి, పూడిక చేరి ఇవి మందగించినప్పుడు పొలం మునగడం అందరికీ కనిపిస్తుంది. నేల చవిటిబారడం మాత్రం వెంటనే కనబడదు. సముద్రపు పోటు సమయంలో ఉప్పునీరు ఇవే డ్రెయిన్ల గుండా లోపలికి ఎదురెక్కుతుంది.

మంచినీటి కింద ఉప్పునీరు

సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువైనది. తీరంలోని ఇసుకలో వాననీరు ఇంకినప్పుడు అది ఉప్పునీటితో వెంటనే కలిసిపోక, దానిపై కటకం ఆకారంలో తేలుతుంది. డచ్చి సైనిక ఇంజనీరు బాడన్ గైబెన్ (1888), జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ (1901) వేరువేరుగా దీని లెక్క తేల్చారు. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, సముద్రమట్టానికి కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది.

ఇది వినడానికి వరంలా ఉన్నా తిప్పి చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. బోర్లు తోడి జలమట్టాన్ని అర మీటరు దించితే, సమతుల్యం కుదిరేసరికి అడుగునున్న ఉప్పునీరు 20 మీటర్లు పైకి వస్తుంది. ఒకేచోట బలమైన మోటారు పెట్టి తోడితే ఇంకా త్వరగా, ఆ బోరు కిందనే ఉప్పునీరు శంకువులా లేచి గొట్టంలోకి వస్తుంది. మోటారు ఆపగానే నీరు మళ్ళీ తియ్యబడుతుందనుకోరాదు. ఇసుకలో పట్టిన ఉప్పు కడుక్కుపోవాలంటే ఎన్నో వానాకాలాలు పడతాయి. బంకమట్టి పొరలు అడ్డుగా ఉన్నచోట ఈ సూత్రం యథాతథంగా వర్తించదు. డెల్టా లోతట్టు పొరలలోని ఉప్పు చాలావరకు నేటి సముద్రం చొరబడినది కాదు, పొరలు ఏర్పడిన నాటినుండి చిక్కుకొని ఉన్న పాత సముద్రపు నీరని భావిస్తారు. కారణమేదైనా, లోతుకు పోతే మంచినీరు దొరుకుతుందన్న మెట్టప్రాంతపు అనుభవం ఇక్కడ తిరగబడుతుంది. ఇక్కడ మంచినీరు పైన ఉంటుంది.

తుఫానులు ఈ సమస్యను మరొక దారిన తెస్తాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. నదికి ఈవలి ఒడ్డున రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాలనూ ముంచింది. అటువంటి ఉప్పెనలో సముద్రపు నీరు బావులను, చెరువులను పైనుండి నింపుతుంది. బావిని తోడి శుభ్రం చేయవచ్చు గాని చుట్టూ నేలలోకి దిగిన ఉప్పును వానలే కడగాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అందుకు భిన్నంగా నదీ వరద మంచినీటిని తెస్తుంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా, 2024 సెప్టెంబరు మొదట్లో అంతకు మించి 11.4 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. లంక గ్రామాలకు ఈ వరదలు తీరని నష్టం కలిగించాయి. అదే వరద ఇసుక పొరలను నింపిందన్నది కూడా వాస్తవం.

దొరువులు

తీరప్రాంతపు రైతులు గైబెన్ సూత్రం రాకముందే దాని ప్రకారం నడుచుకున్నారు. ఇసుక నేలలో రెండు మూడు మీటర్ల లోతున వెడల్పుగా తవ్విన గుంటను దొరువు అంటారు. దానిలో ఊరిన నీటిని కుండలతో, కావళ్ళతో మోసి నారుమళ్ళకు, కూరగాయల మొక్కలకు పోసేవారు. చేత్తో తోడే వేగం తక్కువ, గుంట వెడల్పు ఎక్కువ కావడం వలన జలమట్టం కొద్దిగానే దిగేది, ఉప్పునీరు కదిలేది కాదు. అయితే దొరువు చాలా నేలను ఆక్రమిస్తుంది, గట్లు విరిగి పూడిపోతుంది, మోత పని నడుము విరిచే పని.

1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లలో ఉప్పునేలలు, ఉప్పునీటి వినియోగంపై పరిశోధన కేంద్రం కూడా పనిచేస్తున్నది. మెరుగుపరచిన దొరువు పద్ధతి ఇక్కడి పరిశోధనలలో వచ్చినది. దీనిలో చిల్లులు గల ప్లాస్టిక్ గొట్టాలను జలమట్టానికి కాస్త దిగువన అడ్డంగా పరచి, వాటిని ఒక చిన్న ఊటబావికి కలుపుతారు. మోటారు బావిలోనే ఉన్నా నీరు విశాలమైన ప్రదేశం నుండి, పలుచని పై పొర నుండి వస్తుంది. పాలమీద మీగడ తీసినట్లు ఉప్పునీటిని కదపకుండా మంచినీటిని మాత్రమే తీసుకోవడం దీని కీలకం. తుంపర సేద్యంతో కలిపి వాడితే తక్కువ నీటితో వేరుశనగ, కూరగాయలు పండుతాయి. నిలువు బోరుతో పోలిస్తే మొదటి ఖర్చు ఎక్కువే, కాని బోరు రెండు మూడేళ్ళలో ఉప్పుబారితే ఆ పొదుపు మిగలదు.

నీటి కాలుష్యం

ఇంతవరకు చెప్పిన ఉప్పు చాలావరకు ప్రకృతి పెట్టినది. మనుషులు చేర్చే కాలుష్యం దీనికి అదనం. కాలువల మీద పట్టణాలు, పల్లెలు వరుసగా ఉన్నందున ఎగువ ఊరి మురుగు దిగువ ఊరి తాగునీటిలో చేరుతుంది. చెత్త, ప్లాస్టిక్ కంటికి కనిపిస్తాయి గనుక వాటి గురించే ఎక్కువ మాట్లాడతారు. ప్రాణానికి ఎక్కువ ముప్పు మలంతో వచ్చే సూక్ష్మజీవుల వలన కలుగుతుంది. తాగేనీటిలో 100 మిల్లీలీటర్లకు ఒక్క కోలిఫారం సూక్ష్మజీవి కూడా ఉండరాదని ప్రమాణం.

డెల్టాలో మరుగుదొడ్ల గుంటలు ప్రత్యేకమైన సమస్య. జలమట్టం రెండు మూడు మీటర్లలో ఉన్నచోట, వానాకాలంలో గుంట అడుగు నేరుగా భూగర్భ జలంలోనే ఉంటుంది. వడపోతకు పొడి మట్టి మిగలదు. అదే పెరటిలో చేతిపంపు ఉంటే ఏమి జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. నైట్రేటు కూడా ఈ దారినే చేరుతుంది. దీని పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. మించితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. నైట్రేటు అంతా పొలాల యూరియా వల్లనే అనుకోవడం పూర్తిగా సరికాదు. నీరు నిలిచిన వరిమడిలో గాలి ఆడదు కనుక అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చివేస్తాయి. ఇసుక నేలల్లోని కూరగాయల తోటలు, ఊరిలోని పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంటలు ఈ విషయంలో ఎక్కువ అనుమానించదగినవి.

రొయ్యల చెరువుల సంగతి వేరు. 1990 దశకం మొదట్లో తీరం వెంబడి టైగర్ రొయ్యల సాగు వేగంగా వ్యాపించింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల సాగుపై కఠినమైన ఆంక్షలు విధించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించాక సాగు మళ్ళీ పుంజుకుంది. ఉప్పునీటిని లోపలికి తెచ్చి నెలల తరబడి నిలవబెడితే అది పక్క పొలంలోకి, బావిలోకి ఊరుతుంది. చెరువు ఖాళీ చేసినప్పుడు మేత, విసర్జితాలతో కూడిన నీరు డ్రెయినులో పడుతుంది. చవిటి పర్రలో తవ్విన చెరువు వలన నష్టం తక్కువ. వరిపొలాల నడుమ, మంచినీటి ఇసుక మీద తవ్విన చెరువు వలన నష్టం చాలా ఎక్కువ. ఒకరి ఆదాయం మరొకరి బావిని చెడగొట్టడంతో ఊళ్ళలో తగాదాలు పుడుతున్నాయి.

ఫ్లోరైడు ఈ డెల్టాలో ప్రధాన సమస్య కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించినది మాత్రం ఇక్కడికి దగ్గరలోనే, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాలలో, 1937లో. అది గట్టి రాతినేలల లోతు బావులకు సంబంధించిన వ్యాధి.

తాగునీటి ఏర్పాటు

భూగర్భ జలం నమ్మదగినది కానందున డెల్టాలో చాలా ఊళ్ళు మంచినీటి చెరువుల మీద ఆధారపడ్డాయి. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు చెరువు నింపుకొని, మళ్ళీ కాలువలు వదిలే వరకు సరిపెట్టుకుంటారు. పశువులు దిగకుండా, బట్టలు ఉతకకుండా కాపాడుకున్న చెరువే ఊరికి రక్ష. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.20 టి.ఎం.సి.ల నీటిని కేటాయించింది (ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఎగువ నుండి నీరు ఆలస్యమైన సంవత్సరాలలో ఆదుకోవడానికి 45.77 టి.ఎం.సి.ల పులిచింతల జలాశయం 2013 నుండి, గోదావరి నీటిని మళ్ళించే పట్టిసీమ ఎత్తిపోతల పథకం 2015 నుండి ఉపయోగపడుతున్నాయి. కాలువ వట్టిపోతే పైరు మాత్రమే కాదు, చెరువు, దానితోపాటు కాలువ ఊటపై బతికే బావి కూడా ఎండుతాయి.

ఇటీవలి కాలంలో ఊరూరా మినరల్ వాటర్ ప్లాంట్లు వెలిసి, 20 లీటర్ల క్యాన్ల నీరు అలవాటైంది. ఈ యంత్రాలు ఉప్పునీటిని తియ్యగా మార్చగలవు, కాని వచ్చిన నీటిలో పెద్ద భాగాన్ని మరింత ఉప్పగా చేసి బయటకు వదులుతాయి. దానిని డ్రెయినులో కాక పెరటి గుంటలో వదిలితే ఆ ఉప్పు తిరిగి జలధారక పొరలోకే చేరుతుంది. భారత ప్రమాణాల సంస్థ ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదు. మరో దారి లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. రుచిని బట్టి ఉప్పును పసిగట్టవచ్చు. సబ్బు నురగ రాకపోవడం, పప్పు ఉడకకపోవడం కాఠిన్యాన్ని తెలుపుతాయి. నైట్రేటును గాని, సూక్ష్మజీవులను గాని నాలుక గుర్తించలేదు. వాటికి పరీక్ష తప్పనిసరి.

చట్టాలు, పరిశీలన

జల కాలుష్య నివారణ చట్టం 1974లో, రాష్ట్రంలో వాల్టా చట్టం 2002లో వచ్చాయి. కొత్త బోరు వేయడానికి అనుమతి, తాగునీటి బావికి దగ్గరలో మరో బోరు వేయకుండా నియంత్రణ, ఇసుక తవ్వకాలపై అదుపు వాల్టా చట్టంలోని ముఖ్యాంశాలు. రాష్ట్ర భూగర్భ జల శాఖ, కేంద్ర భూగర్భ జల మండలి పరిశీలక బావులలో నీటిమట్టాన్ని, నాణ్యతను కొలుస్తాయి. డెల్టా విషయంలో ఈ లెక్కలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. జలమట్టం రెండు మీటర్లలోనే ఉన్నదన్న అంకె మెట్ట జిల్లాలో శుభవార్త. బాపట్ల తీరంలో అదే అంకె పక్కన లవణీయత ఎంతో కూడా చూడాలి. మట్టం మారకుండానే మంచినీటి పొర పలుచబడి, దాని స్థానాన్ని కింది ఉప్పునీరు ఆక్రమించి ఉండవచ్చు.